తిరువేంగడం గారి పెరుగు మీద విచారణ

పోయిన ఆదివారం డాక్టర్ తిరువేంగడం గారు మా ఇంటికి వచ్చారు. ఒక పెద్ద విశ్వవిద్యాలయానికి చాలాకాలం అధ్యక్షుడిగా ఉండి దిగిన మనిషి, డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అమ్మాయి ఇంటి గుమ్మంలో గోడ పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి బూటుతో తంటాలు పడుతూ, "తంబీ, ఈ ముడి కాస్త విప్పవయ్యా, వంగితే లేవలేను" అన్నారు. నాదీ వంగితే లేవలేని వయసే. ఇద్దరం కలిసి ఆ ముడితో కుస్తీ పడుతుంటే ఆయన్ని కారులో తీసుకొచ్చిన శ్రేయ చూసి చూసి, తనే మోకాళ్ళ మీద కూర్చుని విప్పింది. ఈ పిల్ల మా వీధిలోనే పుట్టి పెరిగింది. ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయం ప్రచార విభాగంలో ఉద్యోగం. ఆ సాయంత్రం డెట్రాయిట్‌లో ఆయనకు సన్మానం, తరువాత ఆయన జీవితం మీద ఒక పుస్తకం. అందుకోసం నా దగ్గర నాలుగు మాటలు రికార్డు చేసుకుందామని ఫోను పట్టుకుని కూర్చుంది.

"అంకుల్, మీరు డాక్టర్ టీకి ఓల్డెస్ట్ ఫ్రెండ్ కదా. నాకు ఒక లీడర్‌షిప్ స్టోరీ కావాలి. లైక్, ఆయన లీడర్ అవుతారని మీకు ఫస్ట్ ఎప్పుడు తెలిసింది?"

"ఆయన లీడరని నాకు ఇప్పటికీ తెలియదమ్మా" అన్నాను.

అది పకపకా నవ్వింది. ఈ దేశంలో పుట్టిన పిల్లలతో ఇదే చిక్కు. మనం ఒళ్ళు మండి అన్నది కూడా వాళ్ళకు జోకులాగే వినబడుతుంది. "ఆ కమిటీ స్టోరీ నాకు తెలుసు అంకుల్. ఎవరో చేసిన మిస్టేక్‌ని ఆయన తన మీద వేసుకున్నారు కదా, డిపార్ట్‌మెంట్‌ని సేవ్ చెయ్యడానికి. అది బుక్‌లో ఫస్ట్ చాప్టర్. సో నోబుల్!"

నా తల తిరిగిపోయింది. "ఎవరో చేయడమేమిటి? చేసింది ఆయనే. ఆ పెరుగు ఆయనది. నేను తిన్నాను ఆ పెరుగు!" అని అరిచాను. డాక్టర్ గారు సోఫాలో కళ్ళు మూసుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, ఔనౌనని తల ఊపుతున్నారు. శ్రేయ ఆయన వంకా నా వంకా చూసి, "యూ గైజ్ ఆర్ సో క్యూట్" అంది. ఆ మాటకే ఈ అధ్యాయం రాయడానికి కూర్చున్నాను. పుస్తకంలో వాళ్ళు ఏం అచ్చేసుకుంటారో వాళ్ళిష్టం. జరిగింది మాత్రం ఇది.

అప్పట్లో నాకు ఇరవై దాటాయి, డిగ్రీ లేదు. ఇంటర్ తప్పాను. తప్పడం కూడా కాదు, ప్రశ్నే తప్పుగా అచ్చేశారని పరీక్ష హాలులో లేచి వాదించాను, వాళ్ళు బయటికి నడవమన్నారు, నడిచాను. ఆ ప్రశ్న తప్పే, ఇప్పటికీ చెప్తాను. మా బావ డెట్రాయిట్‌లో కార్ల కంపెనీ ఇంజనీరు. అక్క కాగితాలు పెట్టి నన్ను పిలిపించుకుంది. పిలిపించుకున్నాక నా నోటికి భయపడి, గంటన్నర దూరంలో ఒక విశ్వవిద్యాలయం రసాయనశాఖలో సామాన్ల గదిలో పని చూసిపెట్టింది. ఫ్లాస్కులు, బీకర్లు, గాజు గొట్టాలు అడిగినవాళ్ళకు ఇవ్వడం, తిరిగిచ్చినవి కడిగి సర్దడం. సాయంత్రం లైబ్రరీలో కూర్చుని ఎన్‌సైక్లోపీడియా మొదటి సంపుటం నుంచి వరసగా చదివేవాణ్ణి. అక్షరక్రమంలో చదవడంవల్ల కొంతకాలం నాకు ఆల్మండ్ అనే బాదంచెట్టు గురించి తెలిసినంత జీబ్రా గురించి తెలియలేదు గానీ, కాలేజీలో చదివినవాళ్ళకు రెండూ తెలియవు కదా అని ధైర్యంగా ఉండేవాణ్ణి.

నేను అద్దెకున్న ఇంట్లోనే పై వాటాలో తిరువేంగడం గారు, ఆయన భార్య అలమేలు మామీ ఉండేవారు. ఆయన మా రసాయనశాఖలోనే ప్రొఫెసరు, తిరుత్తణి వైపు తమిళ కుటుంబం. తిరుపతిలో చదువుకున్నారు కనక తెలుగు వచ్చు. ఆ తెలుగులో సగం వేంకటేశ్వరుడి కొండది, సగం ఇంటి తమిళం. నేను మామీని మామీ అనేవాణ్ణి, ఆవిడ నన్ను తమ్ముడూ అనేది, ఆయన తంబీ అనేవారు. ఏ వరస ప్రకారం చూసినా కుదరదు గానీ అమెరికాలో అడిగేవాళ్ళెవరు? పొద్దున్నే మెట్ల మీదుగా కాఫీ డికాక్షన్ వాసన దిగేది, దాని వెనకే ఇంగువ పోపు. కిందింటి ముసలావిడ, ఇల్లు ఆవిడదే కాబట్టి, ఇంగువ వాసన రాగానే చీపురు కర్రతో కప్పు పొడిచేది. మామీ పైనుంచి కాలితో రెండు దెబ్బలు కొట్టి, "గుడ్ మార్నింగ్" అనేది. ఆ ఇద్దరికీ మధ్య అంతకన్న సంభాషణ నేనెరగను.

తిరువేంగడం గారు రోజూ రాత్రి ఎంత తిన్నా, చివర పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టు కాదు. పెరుగన్నం పడని రోజు మర్నాడు ఆయన ల్యాబులో ఎవరూ ప్రశ్న అడగకూడదు. అక్కడి కొట్లలో దొరికే పెరుగు స్ట్రాబెర్రీ ముక్కలు వేసిన తియ్యటి పదార్థం. ఒకసారి తప్పనిసరై దాన్నే అన్నంలో కలిపి, నిమ్మకాయ ఊరగాయ నంజుకుని, రెండో ముద్దకే ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను. మామీకి డెట్రాయిట్ నుంచి ఎవరో తోడు తెచ్చిచ్చారు. అంతవరకు బాగానే ఉంది. కానీ చలికాలం వచ్చేసరికి హీటరు మీట కిందింటావిడ చేతిలో, ఆవిడకు ఉక్కపోత! పాలు తోడుకోవు. మామీ గిన్నెకు ఉన్ని స్వెట్టరు తొడిగింది. పొయ్యి కింద అరలో పెట్టింది. చివరికి వేడినీళ్ళ సంచీతో సహా మంచం మీద రగ్గు కింద పడుకోబెట్టింది. డాక్టర్ గారు నిద్రలో అటు ఒత్తిగిల్లారు. పాలసముద్రం మీద పవళించడం విష్ణుమూర్తికి చెల్లింది గానీ మిషిగన్ చలిలో అందరికీ చెల్లుతుందా? వారం రోజులు దగ్గారు.

ఆ దగ్గులోనే ఆయనకు ఆలోచన తట్టింది. మా శాఖలో ఇంక్యుబేటరని ఒక పెట్టె ఉండేది, కోడిపెట్ట కడుపు కింద ఉన్నంత వేడిని రాత్రింబవళ్ళు తేడా రాకుండా నిలిపి ఉంచేది. అది ఆర్గానిక్ కెమిస్ట్రీ వాళ్ళ ల్యాబుకూ ఫిజికల్ కెమిస్ట్రీ వాళ్ళ ల్యాబుకూ మధ్యనున్న ఉమ్మడి గదిలో ఉండేది. ఆ గది ఎవరిదన్న విషయం మీద రెండు జట్ల పెద్దాయనలకూ మాటలు లేవు. నడవాలో ఎదురుపడితే ఒకరు గోడను, ఒకరు కిటికీని చూస్తూ పోయేవారు. మన డాక్టర్ గారు నా దగ్గర సీలు విప్పని కొత్త బీకరు తీసుకున్నారు. మామీ దాన్ని మరిగే నీళ్ళతో కడిగి మడి కట్టినంత పని చేసింది. నన్ను కూడా ముట్టుకోనివ్వలేదు. సాయంత్రం పాలు తోడేసి ఇంక్యుబేటర్‌లో ఒక మూల పెట్టడం, పొద్దున్నే అందరికన్న ముందు వెళ్ళి తెచ్చుకోవడం. అబ్బ, ఏం పెరుగండీ అది! చెంచా గుచ్చితే నిలబడేది. వాటా కింద నాకూ ఒక గిన్నె వచ్చేది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ల్యాబులో తిండి నిషిద్ధమన్న నియమం రాసి, టైపు చేయించి, ప్రతి తలుపుకీ అంటించింది ఈ తిరువేంగడం గారే. ఫిజికల్ వాళ్ళ విద్యార్థి ఒకడు డోనట్ తెస్తే పట్టకారుతో పట్టుకుని, వాడి కళ్ళముందే ప్రమాదకర పదార్థాల డబ్బాలో పడేశారు. నేను ఉండబట్టలేక అడిగాను.

"డాక్టర్ గారూ, మరి పెరుగో?"

"తినడం నిషేధం తంబీ. తోడుకోవడం నిషేధమని ఎక్కడుంది?"

"రాసింది మీరే కదండీ."

"అందుకే చెప్తున్నాను. రాసినవాడికి తెలియదా?"

అప్పుడే అనుకోవలసింది ఈయన పెద్ద పదవికి పోతాడని. అనుకోలేదు.

నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ సెలవుల ముందు సాయంత్రం ఎప్పటిలాగే బీకరు పెట్టి వచ్చారు. ఆ రాత్రి మొదలైన మంచు సెలవులన్నీ పడుతూనే ఉంది. రోడ్లు మూసేశారు, భవనానికి తాళాలు వేశారు. సోమవారం పొద్దున ఆర్గానిక్ పెద్దాయన ఇంక్యుబేటర్ తలుపు తీశాడు. పేరు లేని బీకరు. అందులో తెల్లటి గడ్డ, దాని మీద ఆకుపచ్చ నూగు, నూగు మీద నల్లటి చుక్కలు. ఇక వాసన సంగతి నేను చెప్పను. ఎవరో అలారం లాగారు. భవనమంతా ఖాళీ చేయించారు. మంచులో అందరం కార్ల దగ్గర వణుకుతూ నిలబడితే, ముఖాలకు ముసుగులు తొడుక్కున్న ఫైరింజను మనుషులు ఆ బీకరును పొడుగాటి పట్టకారుతో, పురిటిబిడ్డను తెచ్చినట్టు మెల్లగా నడిపించుకుంటూ బయటికి తెచ్చారు. అదే సమయానికి మామీ మధ్యాహ్నభోజనం డబ్బా పట్టుకుని వచ్చింది. చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తమ్ముడూ! అది మన..."

"మామీ, మాట్లాడకండి."

"ఒక్క చెంచా తోడుకైనా ఇస్తారేమో అడగవయ్యా. మళ్ళీ డెట్రాయిట్ ఎవరు పోతారు?"

వాళ్ళు దాన్ని పరీక్షకైనా పంపకుండా ఎక్కడికో పట్టుకుపోయి కాల్చేశారు. అందువల్ల అదేమిటో ఎవరికీ తెలియకుండా పోయింది. తెలియని వస్తువుకున్న విలువ తెలిసినదానికి ఉండదు. ఫిజికల్ వాళ్ళు తమ పరిశోధన పాడుచేయడానికే పెట్టారని ఆర్గానిక్ వాళ్ళు, ఆర్గానిక్ వాళ్ళే పెట్టి తామే కనిపెట్టినట్టు నటించారని ఫిజికల్ వాళ్ళు. శాఖాధిపతి తల పట్టుకుని, విచారణ సంఘం వేశాడు. జట్టుకొకరు సభ్యులు, వాళ్ళ పైన పెద్దగా రెండు జట్లకూ చెందని నిష్పక్షపాతి కావాలి. ఆ శాఖలో ఏ జట్టులోనూ లేనివాడు ఒక్కడే. తిరువేంగడం గారు తెల్లబోయిన మొహంతో నా సామాన్ల గదికి వచ్చి స్టూలు మీద కూలబడ్డారు.

"నా మీద నేనే విచారణ చెయ్యాలంట తంబీ."

"కుదరదని చెప్పేయండి."

"ఎందుకు కుదరదని అడుగుతారే!"

నవ్వులాట కాదు. ఆ వసంతంలోనే ఆయన్ను పర్మనెంట్ చెయ్యాలా, ఇంటికి పంపాలా అని శాఖలో ఓటు. ఉద్యోగం ఊడితే వీసా ఊడినట్టే. మామీ కడుపుతో ఉంది. పైగా నియమం రాసినవాడే నియమం తప్పాడంటే, ఓటుదాకా కూడా ఆగరు.

విచారణ వారాల తరబడి సాగింది. రెండు జట్లవాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి, బీకరు సంగతి రెండు నిమిషాలు చెప్పి, తక్కిన గంట పాత గాయాలు విప్పేవారు. ఎవడి వ్యాసం మీద ఎవడు పేరు వేసుకున్నాడు, ఎవడి భార్యను విందుకు పిలవలేదు, అంతా. ఈయన కళ్ళు మూసుకుని, పెదవులు కదలకుండా వినేవారు. ఏం ఓపిక, ఏం గాంభీర్యం అని వాళ్ళు బయట చెప్పుకునేవారు. ఆయన లోపల అష్టాక్షరి జపించుకుంటున్నారని నాకు తెలుసు. నన్ను కూడా సాక్షిగా పిలిచారు. ముందురోజు మెట్ల మీద ఆపి, "అడిగితే నిజమే చెప్పు. నా కోసం నువ్వు అబద్ధమాడితే పాలు విరిగినట్టే" అన్నారు. పక్కన సెక్రటరీ అమ్మాయి టైపు కొడుతుండగా, నా ఎదుట కూర్చుని ఇంగ్లీషులో అడిగారు:

"ఆ కొలత బీకరు ఈ మధ్య ఎవరికైనా ఇచ్చారా?"

"ఇచ్చానండి."

"ఎవరికి?"

"మీకే."

సెక్రటరీ టైపు ఆపి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. సంఘంలోని తక్కిన ఇద్దరూ నవ్వారు. అంత బరువైన సభలో కాస్త తేలిక చేశానని నా భుజం తట్టి పంపించారు. నేను ప్రమాణం చేసి చెప్పిన నిజానికి జరిగిన మర్యాద అది!

చివరికి అనుమానం ఆ డోనట్ కుర్రాడి మీదికి మళ్ళింది. డోనట్ పారేశారన్న కక్షతో కుళ్ళిన తిండి పెట్టాడన్నారు. కోపంలో వాడు ఏదో అన్నాడని ఇద్దరు సాక్ష్యం చెప్పారు. వాణ్ణి బహిష్కరించడమే తరువాయి. ఆ సాయంత్రం పై వాటాలో నేనూ ఉన్నాను. డాక్టర్ గారు కంచం ముందు కూర్చున్నారు, అన్నం ముట్టుకోలేదు. మామీ కాసేపు చూసి, లోపలికి వెళ్ళి, మంచం కిందనుంచి పెద్ద పెట్టె బయటికి లాగింది. చీరలు మడతపెట్టి అందులో పెడుతూ, "రేపు చెప్పేయండి. ఆ పిల్లాడి తల్లి ఎక్కడుందో ఏమో. మనకు తిరుత్తణి ఉంది" అంది. ఆయన తల ఊపారు. తిండి విషయంలో తప్ప ఆవిడ మాట ఆయన ఎప్పుడూ కాదనలేదు.

మర్నాడు శాఖ మొత్తం సమావేశమైంది. కాఫీ పాత్ర మోసుకెళ్ళిన నెపంతో నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. తిరువేంగడం గారు లేచారు. చేతిలో కాగితం లేదు. "విచారణ పూర్తయింది. దోషి నేనే. ఆ బీకరులో ఉన్నది పెరుగు. నేను, నా భార్య తినడానికి పెట్టుకున్నాం. ఆ విద్యార్థికి ఏ సంబంధమూ లేదు" అన్నారు.

ఆర్గానిక్ పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. లేచాడు. "మన కొట్లాటతో ఏ సంబంధమూ లేని మనిషి, తన బతుకు పణం పెట్టి ఈ నింద తలకెత్తుకుంటున్నాడు. మనకు సిగ్గులేదా?" అన్నాడు. ఫిజికల్ పెద్దాయన గది ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి వెళ్ళి చెయ్యి చాచాడు. ఇద్దరూ చేతులు కలిపారు. డాక్టర్ గారు కంగారుపడి, "కాదండీ, నిజంగానే నాదే! మేము రోజూ పెట్టుకుంటాం!" అన్నారు. ఆయన ఎంత గట్టిగా అంటే వాళ్ళ కళ్ళు అంత చెమ్మగిల్లాయి. నేను వెనకనుంచి, "ఆయన చెప్పేది నిజం! నేనూ తిన్నాను!" అని అరిచాను. అదిగో, సామాన్లగదివాడు కూడా ఆయన వెంట నిలబడ్డాడన్నారు.

సాయంత్రం మేమిద్దరం మెట్లెక్కేసరికి మామీ మూత వేసిన పెట్టె మీద కూర్చుని ఉంది.

"ఏమన్నారు?"

"నమ్మలేదు."

"మళ్ళీ చెప్పకపోయారా?"

"మూడుసార్లు చెప్పాను. మూడోసారికి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు."

మామీ పెట్టె దిగి, నడుం పట్టుకుని, ఏడ్చిందో నవ్విందో నాకిప్పటికీ తెలియదు. ఆయన మాత్రం ఊరుకోలేదు. వారం తిరక్కుండా డెట్రాయిట్ పోయి తోడు తెచ్చి, ఇంట్లో ఎలాగో తంటాలుపడి పెరుగు తోడేయించి, ఋజువుగా శాఖాధిపతి బల్ల మీద పెట్టారు. ఆ పెద్దమనిషి చెంచా తెప్పించుకుని గిన్నె ఖాళీ చేసి, "శాంతి విందు! ఎంత చక్కటి ఆలోచన!" అని పొంగిపోయాడు. వసంతంలో ఓటు ఏకగ్రీవం. తరువాత శాఖాధిపతి పదవికి రెండు జట్లూ ఒప్పుకునే పేరు ఆయనదొక్కటే. ఆ తరువాత డీన్, ఆ తరువాత ఇంకో రాష్ట్రంలో ప్రోవోస్ట్, అంటే అధ్యక్షుడి తరువాతివాడు. ఆ తరువాత అధ్యక్షుడు. ఎక్కడికి పోయినా ఆ కథ ఆయనకన్న ముందే పోయి కూర్చునేది. పోయినచోటల్లా బీకరు పెద్దదైంది, ఫైరింజన్లు పెరిగాయి, పెరుగు కాస్తా పేలుడు పదార్థమైంది. ప్రతి పదవీ స్వీకారంలోనూ ఆయన లేచి అది నా పెరుగేనని చెప్పడం, సభ ఆయన వినయానికి మురిసిపోవడం. నేనెరిగినంతలో ఈ దేశంలో నిజం చెప్పినందుకు ఇన్ని ప్రమోషన్లు వచ్చిన మనిషి ఇంకొకడు లేడు.

ఇప్పుడు మా ఊళ్ళో ఇండియన్ స్టోరుకు పోతే పెరుగు బకెట్లతో దొరుకుతుంది. మా అమ్మాయి వంటింట్లో పెరుగు తోడెయ్యడానికే ఒక కరెంటు కుండ ఉంది. మీట నొక్కి మీటింగుకు పోతుంది. పక్కింటి తెలుగువాళ్ళకూ ఉంది ఒకటి. ఎవరూ ఎవరి గుమ్మం ముందుకూ చిన్న గిన్నె పట్టుకుని రారు. వస్తే ముందు మెసేజ్ పెట్టలేదేమని అడుగుతారు. అప్పటి చలి మంచిదని నేననను, ఆ చలిని మెచ్చుకునేవాడికి బుద్ధిలేదు. కానీ ఒక చెంచాడు తోడు కోసం డెట్రాయిట్ దాకా పోయి, మూడిళ్ళవాళ్ళతో భోంచేసి తిరిగి వచ్చిన మనుషులం. ఈ కుండకు ఆ సంగతి ఏం తెలుసు?

నేను ఇదంతా చెప్పి ముగించేసరికి శ్రేయ ఫోను పక్కన పెట్టి, డాక్టర్ గారి వైపు తిరిగి, "సర్, మీరు చెప్పండి. అంకుల్ చెప్పింది ట్రూనా?" అంది.

"అక్షరం అక్షరం నిజమమ్మా. నా పెరుగే."

ఆ పిల్ల గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఇన్ని ఇయర్స్ తర్వాత కూడా! ఎవరి పేరూ చెప్పట్లేదు మీరు!" కళ్ళు తుడుచుకుంటూ, కారు వేడి చేసి వస్తానని బయటికి వెళ్ళింది.

నాకు ఒళ్ళు మండింది. తరువాత ఇన్నేళ్ళూ అడగనిది అడిగాను. "డాక్టర్ గారూ, ఆ రోజు మిమ్మల్ని నమ్మి ఉంటే ఏమయ్యేది?"

"పంపేసేవాళ్ళు."

"అది తెలిసిందే. తరువాత?"

ఆయన కళ్ళు తెరిచారు. "తిరుపతిలో మా పాత కాలేజీలో పని ఉండేది తంబీ. వస్తే తీసుకుంటామని మా మాస్టారు రాశారు కూడా. పెద్ద పనేమీ కాదు. కిటికీ పక్కన ఒక బెంచీ, ఒక కొళాయి, గ్యాసు పొయ్యి. పొద్దున పోయి ఏదో ఒకటి మరగబెట్టుకుంటూ కూర్చునేవాణ్ణి." ఎడమచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నారు. "అధ్యక్షుడి గదిలో ఎన్నేళ్ళు కూర్చున్నాను! సాయంత్రం ఇంటికి పోతే చేతికి ఏ వాసనా ఉండేది కాదయ్యా. సబ్బు వాసన. అంతే."

బయట శ్రేయ హారన్ మోగించింది. మేమిద్దరం మళ్ళీ గుమ్మం దగ్గర బూట్లతో కాసేపు అవస్థపడ్డాం. ఆయన నా భుజం పట్టుకుని లేచి, కోటు గుండీలు పెట్టుకుని, సన్మానం చేయించుకోవడానికి వెళ్ళారు.